వారానికి 15.5 గంటలు: ఒక ఎంఏ ఇంగ్లిష్ విద్యార్థిని కోర్సు ప్రణాళిక

(విద్యార్థినిని గుర్తుపట్టే వివరాలు మార్చాం. చదివిన విభాగం పేరు, ఆమె సొంతూరి పేరు ఇవ్వడం లేదు. పీజీ విద్యార్థులకు కోర్సు సలహా ఇచ్చేవాళ్ల కోసం రాసినది ఇది.)

నేపథ్యం

విద్యార్థిని అనకాపల్లి వైపు నుంచి రోజూ బస్సులో విశాఖ వచ్చి చదివేది. పదో తరగతి దాకా తెలుగు మీడియం, డిగ్రీలో బీఎస్సీ గణితం. ఇంగ్లిష్ సాహిత్యం మీద ఇష్టంతో, ఇంట్లో వద్దంటున్నా, పీజీసెట్ రాసి ఎంఏ ఇంగ్లిష్‌లో చేరింది. సాయంత్రం 6 నుంచి 8 దాకా హైస్కూల్ పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్పేది. బస్సు పాసు, పుస్తకాల ఖర్చు ఆ డబ్బుతోనే గడిచేది కాబట్టి దాన్ని మానుకోమనే వీలు లేదు. ప్రణాళిక ఏదైనా ఆ రెండు గంటలు పోను మిగిలిన సమయంలోనే కుదరాలి.

ఆ విభాగంలో సెమిస్టర్‌కి 5 పేపర్లు. ఒక్కో పేపర్‌కి 75 ఎక్స్‌టర్నల్, 25 ఇంటర్నల్. ఎక్స్‌టర్నల్‌లో 30 వస్తే పాస్. మొదటి రెండు సెమిస్టర్లూ తప్పనిసరి పేపర్లే. మూడు, నాలుగులో రెండేసి ఎలక్టివ్‌లు ఎంచుకోవచ్చు. నాలుగో సెమిస్టర్‌లో ప్రాజెక్టు కూడా ఉంటుంది.

వచ్చిన సమస్య

రెండో సెమిస్టర్ మొదటి వారంలో మొదటి సెమిస్టర్ ఫలితాలు పట్టుకుని, కోర్సు సలహా ఇచ్చే మా దగ్గరికి వచ్చింది. రెండు పేపర్లు పోయాయి: చాసర్ నుంచి మిల్టన్ దాకా కవిత్వంలో 24, సాహిత్య విమర్శలో 19. నాటకంలో 41, గద్యంలో 36, భాషా చరిత్ర-ధ్వనిశాస్త్రంలో 58.

ఆమె అడిగింది ఒకటే. "సార్, రోజుకి ఐదు గంటలు చదువుతున్నాను. నా ఇంగ్లిష్ బాగోలేదంటారా, ఈ కోర్సే నాకు పడదంటారా?"

ఆ రోజున మార్కుల కాగితంలో ఉన్న ఆధారాన్ని మేం సరిగా చదవలేదు. ఇంగ్లిష్ రాని మనిషికి భాషా చరిత్రలో 58 ఎలా వస్తుంది? కథ తిరిగి చెప్పి గట్టెక్కే అవకాశం లేని పేపర్ అది ఒక్కటే. అందులోనే ఆమెకు అన్నిటికంటే ఎక్కువ వచ్చాయి. అక్కడ ఆగి ఆలోచించి ఉంటే ఆరు వారాలు మిగిలేవి.

మొదట చేసినవి, బెడిసినవి

తెలుగు మీడియం అనగానే భాషే లోపమనుకోవడం సలహాదారులకు అలవాటు. వారానికి మూడు గంటల వ్యాకరణం, వాక్య నిర్మాణం పెట్టాం. ఆరు వారాల తర్వాత ఆమె రాసిన జవాబును పాత జవాబు పక్కన పెట్టి చూస్తే క్రియా రూపాల తప్పులు తగ్గాయి, జవాబు మాత్రం అలాగే ఉంది. నాలుగు పేజీల నిండా కథ. ప్రశ్న ఏమడిగిందో జవాబులో ఎక్కడా తేలదు. తప్పుల్లేని ఇంగ్లిష్‌లో రాసినా కథ కథే. పరీక్ష అడిగింది వాదన.

రెండో పొరపాటు ఆమెది, కాకపోతే దాన్ని ఎవరూ ఆపలేదు. బ్యాక్‌లాగ్‌ను, అంటే తప్పిన కవిత్వం పేపర్‌ను, కాలక్రమంలో చదవాలని చాసర్ 'జనరల్ ప్రొలోగ్' దగ్గర మొదలుపెట్టింది. 858 పంక్తుల మధ్యయుగ ఇంగ్లిష్‌ను, ప్రతి మాటకూ నిఘంటువు తీస్తూ. నెల గడిచేసరికి సగం దాటలేదు. సాహిత్య చరిత్రకు కాలక్రమం మంచి వరసే. చదివే వరసకు అది పనికిరాదు, ఎందుకంటే పాఠ్యాలన్నిటిలో కష్టమైన భాష మొదటే ఎదురవుతుంది.

మూడోది 'స్వయం' కోర్సు, అంటే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో దొరికేది. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా క్రెడిట్లు స్వయం వేదిక ద్వారా తీసుకోవచ్చని ఎక్కడో చదివి, మాతో చెప్పకుండా 12 వారాల ఎన్‌పీటెల్ సాహిత్య కోర్సులో చేరింది. మూడో సెమిస్టర్ ఎలక్టివ్ ఒకటి దాంతో తీరిపోతుందని ఆమె లెక్క. అసైన్‌మెంట్లలో 25కి 10, పర్యవేక్షణలో జరిగే పరీక్షలో 75కి 30 వస్తే పాస్. రెండూ వచ్చాయి, సర్టిఫికెట్టూ వచ్చింది, క్రెడిట్ మాత్రం రాలేదు. ఆ 40 శాతం సంస్థ ఒప్పుకుంటేనే వర్తించే గరిష్ఠ హద్దు. ఫలానా కోర్సు ఫలానా పేపర్‌కు బదులని విభాగం ముందుగానే ఆమోదించాలి. పైగా 12 వారాల కోర్సుకు 3 క్రెడిట్లు, ఆ ఎలక్టివ్‌కు 4. సుమారు 40 గంటలు అలా పోయాయి. ఇప్పుడు మొదటి సమావేశంలోనే "బయట ఇంకేం కోర్సులు చేస్తున్నావు?" అని అడుగుతున్నాం.

మలుపు: రెండు వారాల చిట్టా

భాష కాదని తేలాక మిగిలింది సమయం. 14 రోజులపాటు ప్రతి అరగంటకూ ఏం చేసిందో చిన్న నోటుబుక్కులో రాయమన్నాం. రాత్రి కూర్చుని గుర్తుతెచ్చుకుని రాస్తే లాభం లేదు, ఆ పని అయిన వెంటనే రాయాలి.

మొత్తం 31 గంటలు తేలాయి, అంటే వారానికి 15.5. రోజుకు ఐదు గంటలన్నది అబద్ధమేమీ కాదు. పుస్తకం ముందేసుకుని కూర్చున్న సమయమంతా ఆమె లెక్కలో చదువే. ఆ 31 గంటల్లో గైడ్లకు 13, ఆ గైడ్ల నుంచి నోట్సు ఎత్తి రాసుకోవడానికి 9, ఇంటర్నల్స్‌కు 5, అసలు పాఠ్యాలకు 4. జవాబుల్లో కథ తప్ప ఇంకేమీ లేకపోవడానికి కారణం ఇక్కడే దొరికింది. ఆమె చదివిందే కథాసంగ్రహాలు.

తర్వాత చదివే వేగం కొలిచాం. మూడు రకాల పాఠ్యాలు, ఒక్కోటి 10 నిమిషాలు, అర్థం చేసుకుంటూ. 19వ శతాబ్దపు నవల నిమిషానికి 95 మాటలు, భారతీయ ఆంగ్ల నవల 150, విమర్శ వ్యాసం 48. వేగం తక్కువని ఆమె చిన్నబుచ్చుకుంది. ఈ అంకెలు మార్కుల్లాంటివి కావు, దర్జీ కొలతల్లాంటివి. బట్ట కత్తిరించడానికి ఇవి కావాలి.

ఇక లెక్కలు ఆమెకే అప్పగించాం. గణితం చదివిన మనిషి, గంటలో పట్టిక తయారు చేసింది. రెండో సెమిస్టర్ పట్టికలో ఉన్న జార్జ్ ఎలియట్ నవల 'మిడిల్‌మార్చ్' సుమారు 3,16,000 మాటలు. నిమిషానికి 95 చొప్పున 55 గంటలు. 'ఫ్రాంకెన్‌స్టైన్' సుమారు 75,000 మాటలు, 13 గంటలు. 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్' 38,000, దాదాపు 7 గంటలు. నిర్దేశించినవన్నీ ఒక్కసారి చదవడానికే 238 గంటలు తేలింది. 15 వారాల సెమిస్టర్‌లో చేతిలో ఉన్నవి 232. అందులో సగమైనా రాత సాధనకు, ఇంటర్నల్స్‌కు, పునశ్చరణకు పోవాలి. అంటే పాఠ్యాలకు మిగిలేవి 116.

బద్ధకం వల్ల గైడ్లు పట్టుకోలేదని అప్పుడు అర్థమైంది. రెట్టింపు బరువు నెత్తిన పెడితే ఎవరైనా అడ్డదారే వెతుక్కుంటారు.

పాఠ్యాలను మూడు కుప్పలు చేయడం

116 గంటల్లో పట్టించాలంటే ఏదో ఒకటి తగ్గించక తప్పదు. ఏది తగ్గించాలన్నదే అసలు నిర్ణయం. పూర్తిగా చదివేవి, ఎంచి చదివేవి, పరిచయం చాలనుకునేవి అని మూడు కుప్పలు చేశాం. మొదటిదానికి 60 గంటలు, రెండోదానికి 38, మూడోదానికి 12. ఆరు గంటలు జ్వరాలకు, బంద్‌లకు వదిలేశాం.

పొట్టి పాఠ్యాలన్నీ మొదటి కుప్పలోకి వెళ్లాయి. కవితను సగం చదవడంలో అర్థం లేదు. 'పారడైజ్ లాస్ట్' మొదటి పుస్తకం 798 పంక్తులు, పూర్తిగా చదవాల్సిందే. విమర్శ వ్యాసాలు మెల్లగా సాగుతాయి కానీ పొట్టివి. 5,000 మాటల వ్యాసం ఆమె వేగంతో పావుతక్కువ రెండు గంటలు పడుతుంది. అదే వ్యాసం రెండు మూడు పేపర్లకు పనికొస్తుంది కాబట్టి ఆ గంటలు దండగ కావు.

తర్జనభర్జన పడింది 'మిడిల్‌మార్చ్' మీద. పూర్తిగా చదివితే ఆ 116 గంటల్లో దాదాపు సగం అదొక్కటే మింగుతుంది. వదిలేస్తే మళ్లీ గైడే దిక్కు. నవలలో 86 అధ్యాయాలు, ముందొక ప్రెలూడ్, చివర ఫినాలే. మొదటి 12 అధ్యాయాలు, అంటే నవలలోని మొదటి పుస్తకం, ఏదీ వదలకుండా చదవమన్నాం. కథనం చేసే గొంతు నడక చెవికి పట్టాలంటే అంత నిడివి కావాలి, విడి అధ్యాయాలతో అది రాదు. ఆ తర్వాత ఎనిమిది: 15 (లిడ్‌గేట్ నేపథ్యం), 20 (రోమ్‌లో డొరోథియా), 27 (నిలువుటద్దం మీది గీతల పోలిక), 42, 61, 74, 80, 83. ప్రెలూడ్, ఫినాలే తప్పనిసరి. మధ్యలోవాటికి అధ్యాయానికి నాలుగు వాక్యాల సారాంశం. పుస్తకంలో ఇది సుమారు పావు భాగం, 14 గంటల పని.

ఎంఏ విద్యార్థిని నవలను పావు వంతే చదవడమేమిటని ముఖం చిట్లించేవాళ్లుంటారు. వాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. కానీ గైడు వంద శాతం చదివిన విద్యార్థి కంటే నవల పావు వంతు చదివిన విద్యార్థి నయం. ఆ పావు భాగం నుంచి ఆమె వాక్యాలు ఎత్తి చూపించగలదు. జవాబులో ఎంచి చదివిన అధ్యాయాల మీదే వాదన నిలబెట్టాలి, చదవని భాగం గురించి తీర్పులు ఇవ్వకూడదన్నది మేం పెట్టిన షరతు.

ప్రయాణ సమయాన్ని కూడా వాడుకోవాలని చూశాం. పొద్దున బస్సులో నిలబడే ప్రయాణం, చదవడం కుదరదు. ఉచిత శ్రవ్య పుస్తకం వినడం కొంతవరకు పనిచేసింది. వేగం తగ్గించి, ముందు రోజు చదివిన అధ్యాయాన్నే మళ్లీ వింటే బాగా పట్టుబడింది. కొత్త అధ్యాయాన్ని నేరుగా వింటే ఏమీ మిగల్లేదు. సాయంత్రం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు ఖాళీగా బయల్దేరుతుంది కాబట్టి సీటు ఖాయం. ఆ ముప్పావు గంట ఒక కవితకు కేటాయించాం.

ముద్రణల దగ్గర ఒక తప్పు

'ఫ్రాంకెన్‌స్టైన్' ఇంటర్నల్ సెమినార్‌లో ఎలిజబెత్ అనాథ అని, ఆ కుటుంబం ఆమెను తెచ్చి పెంచిందని చెప్పి, దాని మీదే వాదన కట్టింది. తరగతికి నిర్దేశించింది 1818 పాఠం. అందులో ఎలిజబెత్ కథానాయకుడు విక్టర్‌కు మేనత్త కూతురు. అనాథగా మార్చింది 1831 ముద్రణలో. ఆమె ఫోన్‌లో దించుకున్న ఉచిత ప్రతి 1831ది. వాదన బాగుంది, నిలబెట్టిన నేల వేరు, మార్కులు పోయాయి. అప్పటి నుంచి ప్రతి పాఠ్యానికి రాసుకునే కాగితం పైన మొదటి వరస: ఏ ముద్రణ, ఏ సంవత్సరం, నిర్దేశించినది అదేనా.

ఆ కాగితం అర పేజీ మించదు. పేజీ నంబర్లతో ఐదు చోట్లు, ఒక సాంకేతిక పదం, పాఠ్యంలో తెగని ఒక ప్రశ్న. విమర్శ వ్యాసాలకైతే ఒకే ప్రశ్న: ఈయన ఎవరితో పోట్లాడుతున్నాడు? టి.ఎస్. ఎలియట్ 1919 వ్యాసం 'ట్రెడిషన్ అండ్ ది ఇండివిడ్యువల్ టాలెంట్'ను 'లిరికల్ బ్యాలడ్స్'కు వర్డ్స్‌వర్త్ రాసిన ముందుమాట పక్కన పెట్టి, కవిత్వమంటే భావోద్వేగమన్న మాట మీద ఇద్దరి తగువు చూపించాక, 19 మార్కులు వచ్చిన ఆ పేపర్ ఆమెకు మొదటిసారి అర్థమైంది.

జవాబు రాత

75 మార్కులకు 5 ప్రశ్నలు, 3 గంటలు. పేపర్ చదవడానికి, చివర సరిచూసుకోవడానికి 15 నిమిషాలు తీసేస్తే ప్రశ్నకు 33. అందులో 5 నిమిషాలు ఆలోచన. మిగిలిన 28 నిమిషాల్లో ఆమె చేతి వేగం, నిమిషానికి 20 మాటల లెక్కన, 560 మాటలు. ఆ 560లో కథకు చోటివ్వలేం. మొదటి రెండు వాక్యాల్లో తన వాదన, తర్వాత పాఠ్యంలో మూడు చోట్లు, ఒక విమర్శకుడి మాట, తన వాదన ఎక్కడ బలహీనమో ఒక వాక్యం. వారానికి ఒక జవాబు, గడియారం పెట్టుకుని, చేత్తో. కథ చెప్పిన వాక్యాల కింద ఆమే ఎర్రగీత గీసుకునేది. మొదటి జవాబులో 31 వాక్యాలకు 22 ఎరుపు. తొమ్మిదో వారానికి 4.

ఎలక్టివ్‌ల వరస

బేసి సెమిస్టర్ పేపర్లకు మళ్లీ బేసి సెమిస్టర్ పరీక్షల్లోనే అవకాశం. అంటే మూడో సెమిస్టర్‌లో ఆమె రాయాల్సినవి 5 కాదు, 7. ఈ ఒక్క విషయం మీదే ఎలక్టివ్‌ల నిర్ణయమంతా నిలిచింది.

ఆమెకు అమెరికన్ సాహిత్యం తీసుకోవాలని ఉంది. స్నేహితురాళ్లంతా అదే తీసుకుంటున్నారు, సీనియర్ల నోట్సు దొరుకుతుంది. పట్టిక చూస్తే అందులో 135 అధ్యాయాల 'మోబీ డిక్' ఉంది, 2 లక్షల మాటలు పైచిలుకు. ఏడు పరీక్షల సెమిస్టర్‌లో 35 గంటలకు పైగా ఒక్క పుస్తకానికే. వద్దన్నాం. నోట్సు దొరకడమే కారణమైతే మళ్లీ పాత రోగమే తిరగబెడుతుందని కూడా చెప్పాం.

బదులుగా భాషాశాస్త్రం-ఇంగ్లిష్ బోధన, సాహిత్య సిద్ధాంతం ఎంచుకుంది. మొదటిదానిలో చదవాల్సిన పేజీలు తక్కువ, సమస్యలు సాధించే పని ఎక్కువ. ధ్వని లిప్యంతరీకరణ (ఉచ్చారణను గుర్తులతో రాయడం), వాక్య వృక్షాలు (వాక్యాన్ని కొమ్మలుగా విడదీసే బొమ్మలు) గణితం చదివిన బుర్రకు ఇంపుగా ఉంటాయి, 58 మార్కులు చెప్పింది కూడా అదే. రెండోది కష్టమైనదే, కానీ విమర్శ బ్యాక్‌లాగ్‌తో జోడు కుదురుతుంది. ఒకే వరసలో చదువుకుంటూ వస్తే బ్యాక్‌లాగ్‌లోని చివరి వ్యాసాల దగ్గర సిద్ధాంతం పేపర్ అందుకుంటుంది.

నెట్ (కాలేజీ అధ్యాపక ఉద్యోగానికి జాతీయ అర్హత పరీక్ష) కోణం కూడా చూశాం. ద్వారకానగర్‌లో కోచింగ్‌కు డబ్బు కడదామనుకుంటోంది. నెట్ ఇంగ్లిష్ రెండో పేపర్‌లో 10 యూనిట్లు, 100 ప్రశ్నలు, 200 మార్కులు. వాటి పక్కన ఆమె ఎంఏ పేపర్లు రాసి చూస్తే నాటకం, కవిత్వం, కల్పన, కల్పనేతర గద్యం, విమర్శ తరగతిలోనే వస్తున్నాయి. భాష-బోధన, రెండో ప్రపంచ యుద్ధానంతర సిద్ధాంతం ఈ రెండు ఎలక్టివ్‌లతో నిండుతాయి. భారతదేశంలో ఇంగ్లిష్, సాంస్కృతిక అధ్యయనాలు, పరిశోధన పద్ధతులు మిగులుతాయి. మూడు యూనిట్ల కోసం పది యూనిట్ల ఫీజు కట్టడం ఎందుకని కోచింగ్ ఆలోచన మానుకుంది. ఈ-పీజీ పాఠశాల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే పాఠాలు వాటికి వాడింది.

నాలుగో సెమిస్టర్‌లో స్త్రీల రచనలు, అనువాద అధ్యయనాలు. అనువాదం ఎంచుకోమని కాస్త గట్టిగానే చెప్పాం. అప్పటిదాకా ఆమె తన తెలుగును ఒక లోటుగా మోస్తోంది. తరగతిలో చాలామందికి లేని పెట్టుబడి అదే.

ప్రాజెక్టుకు రావిశాస్త్రి కథ అనువదిస్తానంది. ఆయన విశాఖ రచయిత కావడం, ఆ మాటలు ఇంట్లో వినేవే కావడం ఆమె కారణాలు. రెండు అడ్డంకులు కనిపించాయి. ఆయన 1993లో పోయారు. మన చట్టంలో హక్కులు రచయిత మరణానంతరం 60 ఏళ్లు ఉంటాయి కాబట్టి రేపు ఆ అనువాదం అచ్చు వేయాలంటే అనుమతి కావాలి. అంతకంటే పెద్దది, సొంత అనువాదానికి, దాని మీద విశ్లేషణకు ఒకే సెమిస్టర్ చాలదు. గురజాడ 1910 నాటి 'దిద్దుబాటు' వైపు తిప్పాం. గురజాడ 1915లో పోయారు, హక్కుల బెడద లేదు. కథ పొట్టిది, ఇంగ్లిష్ అనువాదాలు ఒకటికి మించి ఉన్నాయి. రెండు అనువాదాలు తీసుకుని నౌకరు రాముడి మాండలికాన్ని, గోపాలరావు మాటతీరును అనువాదకులు ఎలా వేరుచేశారు, లేక ఎలా కలిపేశారు అన్న ఒక్క ప్రశ్నకు ప్రాజెక్టును కట్టేశాం. వేసవిలోనే రెండు అనువాదాల నుంచీ రాముడి ప్రతి మాటా పట్టికలోకి ఎక్కించింది.

ఫలితం

బ్యాక్‌లాగ్‌లు మూడో సెమిస్టర్‌లో తీరాయి: కవిత్వం 38, విమర్శ 44. భాషాశాస్త్రంలో 63 వచ్చాయి. సిద్ధాంతం 35 దగ్గరే ఆగింది. బ్యాక్‌లాగ్‌తో జోడు కుదురుతుందన్న మా అంచనా సగమే నిజమైంది. 1960ల తర్వాతి వ్యాసాలు నిమిషానికి 48 మాటల వేగంతో కూడా నడవలేదు, ఆ గంటలు మేం తక్కువ వేశాం. ప్రాజెక్టుకు మంచి గ్రేడు వచ్చింది. చివరి ఏడాదిలో రాసిన నెట్‌లో మొదటి పేపర్ బాగా చేసింది, రెండో పేపర్‌లో కల్పనేతర గద్యం, సాంస్కృతిక అధ్యయనాల దగ్గర నష్టపోయింది. అర్హత రాలేదు.

ఇప్పుడు మార్చుకున్నవి

రెండు వారాల చిట్టా, వేగం కొలత ఇప్పుడు సలహాకు ముందే అడుగుతున్నాం, అవి లేకుండా ఎలక్టివ్‌ల మాట ఎత్తడం లేదు. మార్కుల కాగితంలో తక్కువ వచ్చిన పేపర్‌తో పాటు ఎక్కువ వచ్చిన పేపర్‌కు కూడా కారణం రాయిస్తున్నాం. బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లకు ముందు పరీక్షల సంఖ్య లెక్కగట్టి, తర్వాతే ఎలక్టివ్‌ల పట్టిక తెరుస్తున్నాం. సిద్ధాంతం వ్యాసాల వేగాన్ని విమర్శ వ్యాసాలతో కలపకుండా విడిగా కొలుస్తున్నాం. వచ్చిన గంటలకు మళ్లీ సగం కలుపుతున్నాం, రెండోసారి చదవకుండా ఆ వ్యాసాలు ఎవరికీ లొంగలేదు.

'మిడిల్‌మార్చ్'లో వదిలేసిన అధ్యాయాలను పరీక్షలయ్యాక చదవడం మొదలుపెట్టింది. చివరిసారి కలిసినప్పుడు 34వ అధ్యాయంలో ఉంది. నిమిషానికి 130 మాటలు.